మెడికల్ అఫైర్స్ వ్యూహం రాయడం ఎలా: కిడ్నీ జబ్బు మందు ఉదాహరణగా దశలవారీ మార్గదర్శి

మందుకు అనుమతి తెచ్చిపెట్టిన క్లినికల్ ట్రయల్‌లోని రోగికీ, రేపు ఓపీ గదిలో డాక్టరు ఎదుట కూర్చునే రోగికీ మధ్య ఎంతో కొంత ఎడం ఎప్పుడూ ఉంటుంది. వయసు, తిండి, చేసే పని, తోడున్న ఇతర జబ్బులు, చేయించుకోగలిగిన పరీక్షలు, ఇలా అన్నిటా ఆ ఎడం కనిపిస్తుంది. ఫార్మా కంపెనీలో మెడికల్ అఫైర్స్ విభాగం ఉన్నది ఆ ఎడాన్ని కొలవడానికి, వీలైనంత తగ్గించడానికి, తగ్గించలేని చోట దాచకుండా డాక్టర్లకు చెప్పడానికి. ఈ మూడు పనులను ఏ వరుసలో, ఎవరితో, ఎంత ఖర్చుతో, ఎంత కాలంలో చేస్తామో ముందుగా రాసుకున్న పత్రమే మెడికల్ అఫైర్స్ వ్యూహం.

మన దేశంలో ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు 2008లో మొదలైంది. ఆ కోర్సు చదివినవారు, ఫార్మకాలజీలో ఎండీ చేసినవారు, ఎంబీబీఎస్ తర్వాత పరిశ్రమ వైపు వచ్చినవారు హైదరాబాద్‌లోని దేశీయ కంపెనీల్లోనూ, బహుళజాతి కంపెనీల కేంద్రాల్లోనూ మెడికల్ రైటింగ్, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా), మెడికల్ ఇన్ఫర్మేషన్ పనులు చేస్తున్నారు. వీరిలో చాలామందికి విడివిడి పనులు బాగా వచ్చు. వాటన్నిటినీ ఒక్క తాటి మీదకు తెచ్చే పత్రాన్ని మొదటి పేజీ నుంచి తామే రాయవలసి వచ్చినప్పుడు మాత్రం తడబడతారు. ఈ మార్గదర్శి ముఖ్యంగా వారి కోసం.

వివరణ గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకెళ్దాం. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందు పేటెంట్ మన దేశంలో 2025 మార్చిలో ముగిసింది. ఆ వెంటనే అనేక దేశీయ కంపెనీల బ్రాండ్లు మార్కెట్‌లోకి వచ్చి ధర బాగా దిగింది. ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్లు అనే ఈ తరగతి మందులు మధుమేహం కోసం మొదలై, గుండె వైఫల్యానికీ, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకూ విస్తరించాయి. హైదరాబాద్‌లోని ఒక మధ్యతరహా కంపెనీ ఈ మందును తెలుగు రాష్ట్రాల్లో కిడ్నీ జబ్బు రోగుల కోసం తీసుకువస్తోందని అనుకుందాం. కంపెనీ మాత్రమే ఊహ. కింద చెప్పే ట్రయళ్లు, నిబంధనలు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పరిస్థితి నిజమైనవి.

మొదటి దశ: హద్దు గీయడం

ప్లాన్ రాయడానికి కూర్చునే ముందు, మెడికల్ విభాగానికీ సేల్స్, మార్కెటింగ్ విభాగాలకూ మధ్య గీత ఎక్కడుందో ఒక పేజీలో రాసి, కంపెనీ పైస్థాయి అధికారితో సంతకం చేయించుకోవాలి. ఇది లాంఛనం కాదు. ఈ గీత చెరిగిపోతే ఏమవుతుందో ఈ వృత్తి చరిత్రలోనే ఉంది. డాక్టర్లతో శాస్త్రీయంగా మాట్లాడే మెడికల్ సైన్స్ లియేజన్ (ఎంఎస్ఎల్) ఉద్యోగాన్ని 1967లో అమెరికాలో అప్‌జాన్ కంపెనీ మొదలుపెట్టింది. ఇంకో ముప్పై ఏళ్లకు, 1996లో, పార్క్-డేవిస్ కంపెనీలో అదే తరహా ఉద్యోగంలో చేరిన డేవిడ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త కొద్ది నెలలకే బయటికి వచ్చి కోర్టుకెక్కారు. మూర్ఛ చికిత్సకు అనుమతి ఉన్న న్యూరాంటిన్‌ను అనుమతి లేని జబ్బులకు వాడేలా డాక్టర్లను ఒప్పించడానికి శాస్త్రీయ హోదాను వాడుకుంటున్నారన్నది ఆయన ఆరోపణ. 2004లో పార్క్-డేవిస్ మాతృసంస్థ వార్నర్-లాంబర్ట్ నేరాన్ని అంగీకరించి 43 కోట్ల డాలర్లు చెల్లించింది. తెల్లకోటు నమ్మకాన్ని అమ్మకానికి వాడుకుంటే నష్టపోయేది ఒక్క కంపెనీ కాదు. ఆ మాటను నమ్మి మందు రాసిన డాక్టరు, వేసుకున్న రోగి కూడా.

హద్దు పత్రంలో కనీసం నాలుగు విషయాలు ఉండాలి. మెడికల్ ఉద్యోగి సేల్స్ అధికారికి కాకుండా మెడికల్ అధిపతికి జవాబుదారీగా ఉంటాడు. అతని బోనస్‌కూ ప్రిస్క్రిప్షన్ల సంఖ్యకూ సంబంధం ఉండదు. పరిశోధన గ్రాంట్ల నిర్ణయంలో సేల్స్‌కు ఓటు ఉండదు. అనుమతి లేని వాడకం గురించి డాక్టరు తానుగా అడిగితేనే సమాధానం ఇస్తారు, ఆ అడిగిన సంగతిని రికార్డు చేస్తారు. ఈ నాలుగింటిలో మూడోదాని మీదే లోపల అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి వస్తుంది కాబట్టి దాన్ని వీలైనంత స్పష్టంగా రాయండి.

ఇదే దశలో మీ ఉత్పత్తికి మన దేశంలో ఏ జబ్బులకు అనుమతి ఉందో, అనుమతి పత్రం చేతిలో పెట్టుకుని మాట మాటా సరిచూసుకోవాలి. మూల కంపెనీ బ్రాండుకు ఉన్న అనుమతులన్నీ మనకూ ఉన్నాయనుకోవడం జెనరిక్ కంపెనీల్లో తరచు జరిగే పొరపాటు.

రెండో దశ: రోగి నడిచే దారి

చాలా ప్లాన్లు మార్కెట్ పరిమాణంతో మొదలవుతాయి. మెడికల్ ప్లాన్ మాత్రం ఒక్క రోగితో మొదలుకావాలి. జబ్బు మొదలైన రోజు నుంచి మందు నిలకడగా వేసుకునే రోజు దాకా ఆ మనిషి ఎక్కడెక్కడ ఆగిపోతున్నాడో, ఎవరెవరిని కలుస్తున్నాడో, ఏ పరీక్ష ఎక్కడ చేయించుకుంటున్నాడో గీసుకోవాలి.

ఉద్దానంలో ఈ దారి ఎలా ఉంటుందో చూడండి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే మనిషి పొద్దున్నే తోటకు వెళ్తాడు, ఎండ ముదిరాక కూడా పని చేస్తాడు, చెమట పోస్తుంది. అతనికి మధుమేహం లేదు, మొదట్లో బీపీ కూడా ఉండకపోవచ్చు, కాళ్లకు వాపు రాదు. మూత్రంలో ప్రొటీన్ పోవడం స్వల్పంగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. అంటే డాక్టరును అప్రమత్తం చేసే మామూలు గుర్తులు అతనిలో లేవు. కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించే సమయానికి వడపోత శక్తి చాలావరకు పోయి ఉంటుంది. ఒకప్పుడు డయాలిసిస్ కోసం విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి దాకా పోవలసి వచ్చేది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలయ్యాయి. ఈ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు దీని పక్కన హైదరాబాద్ రోగిని పెట్టండి. యాభై అయిదేళ్లు, పన్నెండేళ్లుగా షుగరు, బీపీ మాత్ర, కార్పొరేట్ ఆసుపత్రిలో ఏడాదికోసారి పరీక్షలు. క్రియాటినిన్ క్రమం తప్పకుండా చూస్తారు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని చూసే పరీక్షను మాత్రం చాలాసార్లు రాయరు. ఇద్దరికీ జబ్బు పేరు ఒకటే, కానీ ఆగిపోతున్న చోటు వేరు. ఒకరికి కావలసింది తొలి గుర్తింపు, మరొకరికి కావలసింది సరైన పరీక్ష. ఇద్దరికీ కలిపి ఒకే వాక్యంలో ‘అవగాహన పెంచడం’ అని రాస్తే ఆ ప్లాన్ ఇద్దరికీ పనికిరాదు.

ఈ దారిని ఆఫీసులో కూర్చుని గీయలేరు. కనీసం పదిమంది కిడ్నీ నిపుణులు, పదిమంది జనరల్ ఫిజీషియన్లు, కొందరు డయాలిసిస్ టెక్నీషియన్లు, మందుల షాపు ఫార్మసిస్టులు చెప్పేది వినాలి. నా అనుభవంలో ఫార్మసిస్టు చెప్పే మాటకు ప్లాన్లలో తగినంత చోటు దొరకదు. రోగి ఏ నెలలో మందు కొనడం మానేశాడో అందరికన్నా ముందు తెలిసేది ఆయనకే.

మూడో దశ: ఆధారాలను పక్కపక్కన పెట్టి ఖాళీని వెతకడం

వ్యూహానికి గుండెకాయ ఇదే. దీనికి ఎంత సమయం పెడితే తక్కిన దశలు అంత తేలికవుతాయి. ప్రధాన ట్రయళ్లలో ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వదిలేశారు, ఏమి కొలిచారు అన్నవి ఒక పట్టికలో రాసి, రెండో దశలో గీసిన రోగులను అదే పట్టికలో పక్క గడిలో నిలబెట్టాలి.

ఇదే తరగతికి చెందిన డాపాగ్లిఫ్లోజిన్ మీద 2020లో వెలువడిన డాపా-సీకేడీ ట్రయల్‌లో 4,304 మంది ఉన్నారు. కిడ్నీ వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్, 25 నుంచి 75 మధ్య, మూత్రంలో ఆల్బుమిన్ గ్రాము క్రియాటినిన్‌కు 200 నుంచి 5,000 మిల్లీగ్రాముల మధ్య ఉన్నవారినే చేర్చుకున్నారు. దాదాపు మూడోవంతు మందికి మధుమేహం లేదు. కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడం, కిడ్నీ పూర్తిగా విఫలం కావడం, కిడ్నీ లేదా గుండె కారణంగా మరణించడం, వీటన్నిటినీ కలిపి చూస్తే డాపాగ్లిఫ్లోజిన్ వాడినవారిలో 9.2 శాతం, వాడనివారిలో 14.5 శాతం. ఫలితం బలమైనదే, కానీ ఆల్బుమిన్ 200 దాటని ఉద్దానం రోగి ఈ ట్రయల్ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు.

2022లో వచ్చిన ఎంపా-కిడ్నీ ఈ గుమ్మాన్ని కొంత తెరిచింది. 6,609 మందితో జరిగిన ఈ ట్రయల్‌లో ఈజీఎఫ్ఆర్ 20 నుంచి 45 మధ్య ఉంటే ఆల్బుమిన్ ఎంత ఉన్నా చేర్చుకున్నారు. కిడ్నీ జబ్బు ముదరడం లేదా గుండె కారణంగా మరణించడం ఎంపాగ్లిఫ్లోజిన్ వాడినవారిలో 13.1 శాతం, వాడనివారిలో 16.9 శాతం. అయితే ఆల్బుమిన్ తక్కువ ఉన్నవారిలో ఈ ప్రధాన ఫలితం మీద ప్రయోజనం స్పష్టంగా తేలలేదు. వడపోత వేగం తగ్గిపోయే జోరు నెమ్మదించడం మాత్రం కనిపించింది. పైగా ఈ ట్రయల్ జరిగిన ఎనిమిది దేశాల్లో భారత్ లేదు.

అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలను రూపొందించే కేడిగో సంస్థ 2024లో ఈ తేడాను తన సిఫార్సుల్లోనే చూపింది. ఈజీఎఫ్ఆర్ 20కి తగ్గకుండా ఉండి ఆల్బుమిన్ 200 లేదా అంతకు మించి ఉంటే, లేక గుండె వైఫల్యం ఉంటే, అత్యున్నత స్థాయి సిఫార్సు. ఈజీఎఫ్ఆర్ 20–45 మధ్య ఉండి ఆల్బుమిన్ 200 లోపు ఉంటే బలహీన స్థాయి సూచన మాత్రమే.

ఈ మూడింటినీ రోగుల గడితో కలిపి చదివితే ఖాళీలు వాటంతటవే బయటపడతాయి. హైదరాబాద్ షుగరు రోగి విషయంలో మందు పనిచేస్తుందన్న ఆధారానికి కొరత లేదు, దాన్ని ఆచరణలో పెట్టడమే మిగిలింది. ఉద్దానం రోగి విషయంలో ఆధారమే పలుచన: మధుమేహం లేదు, ఆల్బుమిన్ లేదు, రోజంతా ఎండలో చెమటోడ్చే పని. ఈ మందు మూత్రం ద్వారా చక్కెరనూ, దానితో పాటు కొంత నీటినీ, ఉప్పునూ బయటికి పంపుతుంది కాబట్టి, ఒంట్లో నీరు తగ్గే మనిషికి దీన్ని ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది అక్కడి డాక్టరుకు నిజమైన ప్రశ్న. ఈ తేడా తెలియకుండా రెండు చోట్లకూ ఒకే స్లైడు పంపే కంపెనీ, తెలియక చేసినా సరే, తప్పుదోవ పట్టించినట్టే.

ఖాళీలు డజను దొరకవచ్చు. మూడు ప్రశ్నలతో వాటిని వడకట్టండి: దీనివల్ల రోగికి జరిగే నష్టం పెద్దదా, దీన్ని పూడ్చగల స్థానంలో మన కంపెనీ ఉందా, రెండు మూడేళ్లలో సమాధానం వస్తుందా. మూడింటికీ అవునన్న జవాబు వచ్చేవి సాధారణంగా నాలుగుకు మించవు.

నాలుగో దశ: లక్ష్యాలు రాయడం

నేను ఒకప్పుడు పరిశీలించిన ఒక ప్లాన్‌లో మెడికల్ విభాగపు మొదటి లక్ష్యం ‘కిడ్నీ నిపుణుల ప్రిస్క్రిప్షన్లలో మన వాటా పెంచడం’ అని ఉంది. రాసినవారు మంచి వైద్యులే. సేల్స్ ప్లాన్‌ను ముందు పెట్టుకుని దానికి మెడికల్ భాష తొడిగారు, అంతే. ఆ ఒక్క వాక్యం వల్ల కింద ఉన్న అధ్యయనాలు, సమావేశాలు, గ్రాంట్లు అన్నీ ప్రచారంగా మారిపోయే ప్రమాదం వచ్చింది.

అదే ఉద్దేశాన్ని మెడికల్ లక్ష్యంగా రాస్తే ఇలా ఉంటుంది: ‘ఉమ్మడి హైదరాబాద్, రంగారెడ్డి ప్రాంతంలో మేము కలిసి పనిచేసే ఫిజీషియన్లు తమ షుగరు రోగులకు ఏడాదికి ఒకసారైనా మూత్రంలో ఆల్బుమిన్, ఈజీఎఫ్ఆర్ రెండూ చేయించే రేటును రెండేళ్లలో ఆడిట్ ద్వారా కొలిచి, మొదటి స్థాయి కన్నా మెరుగుపరచడం.’ ఇందులో మందు పేరు లేదు. ఎవరి పద్ధతి, ఏ పద్ధతి, ఎంత కాలంలో, ఎలా కొలుస్తాం అన్నవి ఉన్నాయి. ఫలితంగా సరైన రోగులు బయటపడితే మందు వాడకం దానంతటది పెరగవచ్చు, రోగికి వేరే మందు సరిపోతే అదీ సరైన ఫలితమే.

ఉదాహరణలోని కంపెనీకి తక్కిన లక్ష్యాలు రెండే చాలు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో క్రియాటినిన్ కొద్దిగా పెరిగినందుకే అనవసరంగా మందు ఆపేయడాన్ని తగ్గించడం ఒకటి. ఆల్బుమిన్ తక్కువగా ఉండి ఎండలో పనిచేసే కిడ్నీ రోగుల్లో మందు భద్రత గురించి స్థానిక సమాచారం తయారు చేయడం రెండోది. లక్ష్యాలు ఐదుకు మించితే అవి లక్ష్యాలు కావు, పనుల జాబితా.

ఐదో దశ: శాస్త్రీయ కథనం

కంపెనీ నుంచి డాక్టరుకు వెళ్లే ప్రతి శాస్త్రీయ మాటకూ మూలంగా ఒక పత్రం ఉండాలి: జబ్బు ఏమిటి, ఇప్పటి చికిత్సలో లోటు ఏమిటి, మందు ఎలా పనిచేస్తుంది, ఆధారం ఎంతవరకు ఉంది, ఎక్కడ ఆగిపోతుంది. ఈ చివరి ముక్కకు మిగతావాటితో సమానంగా చోటు ఇవ్వండి. ప్రతి వాక్యం పక్కనా దాని ఆధారం, ఆ ఆధారం బలం రాసి ఉండాలి. 2024 మార్చి 12న కేంద్ర ఫార్మాస్యూటికల్స్ విభాగం నోటిఫై చేసిన యూనిఫాం కోడ్, అంటే యూసీపీఎంపీ ప్రకారం, ‘సురక్షితం’ అన్న మాటను షరతులు చెప్పకుండా వాడకూడదు. మన దేశంలో ఏడాదికి పైగా అందుబాటులో ఉన్న మందును ‘కొత్తది’ అనకూడదు. సామగ్రిని మెడికల్, లీగల్, రెగ్యులేటరీ విభాగాలు మూడూ చూసి సంతకం చేశాకే బయటికి వదలాలి.

ఆరో దశ: అధ్యయనాల ప్రణాళిక

ఖాళీలో కొంత భాగం కొత్త సమాచారంతోనే పూడుతుంది. ప్రతి ప్రశ్నకూ సరిపోయే అధ్యయనం వేరు. పరీక్షల రేటు తెలుసుకోవడానికి ఆసుపత్రి రికార్డుల ఆడిట్ చాలు. ఉద్దానంలాంటి చోట మందు భద్రత తెలియాలంటే రోగులను కాలక్రమంలో వెంటాడి చూసే అధ్యయనం కావాలి. మందు నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు, రోగులను చీటీ తీసినట్టు గుంపులుగా విడగొట్టి పోల్చే రాండమైజ్డ్ ట్రయల్ తప్ప వేరే సమాధానం లేదు. అది మధ్యతరహా కంపెనీ ఒంటరిగా మోయలేని బరువైతే, ప్రభుత్వ పరిశోధన సంస్థలతో, వైద్య కళాశాలలతో కలిసి చేయడమో, చేయలేమని ఒప్పుకోవడమో రెండే దారులు.

ఏ అధ్యయనానికి ఎవరి అనుమతి కావాలో మొదటి రోజే తేల్చుకోండి. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు–2019 ఇక్కడ మూలగ్రంథం. మన దేశంలో క్లినికల్ ట్రయళ్లను జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క రోగినీ చేర్చకూడదు. వైద్య కళాశాల డాక్టర్లు తామే చేసుకునే అకడమిక్ ట్రయల్ ఫలితాలను ప్రచారానికి వాడుకోకూడదని ఆ నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి, కంపెనీ ప్రయోజనం ఉన్న అధ్యయనాన్ని అకడమిక్ పేరుతో నడపాలన్న ఆలోచన రానివ్వకండి.

ఒక ప్రమాదం గురించి ఇంకాస్త చెప్పాలి. డాక్టరుకు మందు అలవాటు చేయడమే అసలు ఉద్దేశంగా, పరిశోధన ముసుగులో నడిపే అధ్యయనాలను సీడింగ్ ట్రయల్స్ అంటారు. వయాక్స్ అనే నొప్పి మందు మీద మెర్క్ కంపెనీ 1999లో నడిపిన అడ్వాంటేజ్ ట్రయల్‌ను మార్కెటింగ్ విభాగమే రూపొందించిందని, కోర్టు కేసుల్లో బయటపడ్డ కంపెనీ పత్రాలను పరిశీలించిన విశ్లేషణ ఒకటి 2008లో తేల్చింది. మీ ప్రోటోకాల్‌ను, అంటే అధ్యయనం ఎలా చేయాలో రాసుకున్న పత్రాన్ని, ఇలా పరీక్షించుకోండి: కేంద్రాలు చాలా ఎక్కువ, ఒక్కో కేంద్రంలో రోగులు చాలా తక్కువ, పోల్చిచూసే గుంపు లేదు, పరిశోధకుల జాబితా సేల్స్ జాబితాతో సరిపోతోంది. ఈ నాలుగింటిలో రెండు కనిపించినా ఆ ప్రోటోకాల్‌ను పక్కన పెట్టేయాలి.

ఏడో దశ: నిపుణులతో పని

అడ్వైజరీ బోర్డు అంటే కంపెనీకి తెలియని విషయాన్ని అడిగి తెలుసుకునే చోటు. కంపెనీ తన స్లైడ్లు చూపించే చోటు కాదు. ఎనిమిది నుంచి పదిమంది చాలు. హైదరాబాద్, విశాఖపట్నంలోని పేరున్న నిపుణులతో పాటు పలాస, టెక్కలి వైపు రోజూ ఓపీ చూసే డాక్టర్లు కనీసం ఇద్దరు ముగ్గురు ఉండాలి. వారు లేకపోతే ఉద్దానం ప్రశ్న బల్ల మీదకే రాదు. సమావేశ సమయంలో మూడోవంతుకు మించి కంపెనీ మాట్లాడకూడదన్న నియమం పెట్టుకోండి. అడగబోయే ప్రశ్నలు ముందే రాసి ఉండాలి, వచ్చిన సలహాల్లో దేన్ని పాటించామో, దేన్ని ఎందుకు పాటించలేదో మూడు నెలల్లో సభ్యులకు రాతపూర్వకంగా చెప్పాలి. ఈ చివరి పని చేసే కంపెనీలు అరుదు; చేసినవారికి నిపుణులు మళ్లీ సమయం ఇస్తారు.

చెల్లింపులు ఒప్పందం ప్రకారం, చేసిన పనికి తగ్గ న్యాయమైన విలువతో జరగాలి. యూసీపీఎంపీ డాక్టర్లకూ వారి కుటుంబాలకూ బహుమతులను నిషేధిస్తుంది. వక్తలుగా వచ్చేవారికి తప్ప ఇతర డాక్టర్లకు ప్రయాణం, బస కల్పించకూడదని, విదేశాల్లో సీఎంఈలు (డాక్టర్ల నిరంతర విద్యా సమావేశాలు) జరపకూడదని చెబుతుంది. డాక్టర్లకిచ్చే తాయిలాల ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను మినహాయింపు పొందడం కుదరదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో తీర్పు చెప్పింది. ఈ అంశాలు ఫైనాన్స్ విభాగానికి కూడా ముందుగానే తెలిసి ఉండాలి.

ఎనిమిదో దశ: ఎంఎస్ఎల్‌లు, వారు తెచ్చే సమాచారం

మెడికల్ సైన్స్ లియేజన్లను సేల్స్ టెరిటరీల ప్రకారం కాకుండా లక్ష్యాల ప్రకారం పంపాలి. మన ఉదాహరణకు ఇద్దరు ముగ్గురు చాలు: ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు విశాఖ కేంద్రంగా ఉత్తరాంధ్రలో. ఉత్తరాంధ్రకు పంపేవారికి ఆ ప్రాంతపు తెలుగు మాట్లాడటం వస్తే, డాక్టర్లే కాదు, నర్సులు, టెక్నీషియన్లు కూడా మనసు విప్పి చెబుతారు.

వారు రోజూ రాసే నివేదికల నాణ్యతే వ్యూహం నాణ్యత. చాలా నివేదికలు ఇలా ఉంటాయి: ‘డాక్టరుగారు మన మందు పట్ల సానుకూలంగా ఉన్నారు. వచ్చే నెల మళ్లీ కలవాలి.’ దీనివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. పనికొచ్చే నివేదిక ఇలా ఉంటుంది: ‘కిడ్నీ నిపుణులు. మందు మొదలుపెట్టిన మూడో వారంలో క్రియాటినిన్ 1.8 నుంచి 2.1కి పెరిగిందని రోగి ఊళ్లోని డాక్టరు మందు ఆపించారు. ఈ నెలలో ఇది మూడో రోగి. చీటీలో ముందే రాసి పంపితే మేలేమో అన్నారు. తేలిగ్గా చూపించే ఒక పేజీ కాగితం ఉందా అని అడిగారు.’ ఇందులో ఎవరు, ఏమి జరిగింది, ఎన్నిసార్లు, ఏమి కావాలి అన్నీ ఉన్నాయి.

ఇలాంటి నివేదికలు నాలుగైదు వచ్చాయంటే ప్లాన్ మారాలి. ఈ తరగతి మందులు మొదలుపెట్టగానే వడపోత వేగం కొంత తగ్గి, తర్వాత నిలకడకు రావడం తెలిసిన విషయమే. కేడిగో కూడా ఇది సాధారణంగా మందు ఆపడానికి కారణం కాదని చెబుతుంది. అంటే ఇక్కడ ఉన్నది ఆధారం కొరత కాదు. నిపుణుడికి తెలిసిన సంగతి ఊరి డాక్టరుకు చేరకపోవడం. దీనికి కొత్త అధ్యయనం వేయడం డబ్బు దండగ. నిపుణుడి చీటీతో పాటు వెళ్లే ఒక పేజీ కాగితం, అందులో ఎంత మార్పు వస్తే ఆగి ఆలోచించాలో చెప్పే నాలుగు వాక్యాలు, ఇదే సరైన జవాబు.

తొమ్మిదో దశ: మెడికల్ ఇన్ఫర్మేషన్, భద్రత

డాక్టర్లు అడిగే ప్రశ్నలకు ప్రామాణిక జవాబులు ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. ఈ మందుకు మొదటి పది ప్రశ్నలు ఊహించడం కష్టమేమీ కాదు: జననాంగాల దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్, శస్త్రచికిత్సకు ముందు మందు ఎప్పుడు ఆపాలి, వాంతులు విరేచనాలప్పుడు ఏం చేయాలి, రోజంతా ఉపవాసం ఉండే రోగికి ఏం చెప్పాలి. రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే వచ్చే కీటోఅసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారడం) అరుదైనదే అయినా ప్రమాదకరం కాబట్టి, అమెరికా ఎఫ్‌డీఏ 2020లో శస్త్రచికిత్సకు కనీసం 3 రోజుల ముందు ఎంపాగ్లిఫ్లోజిన్ ఆపాలని లేబుల్‌లో చేర్చింది. సుదీర్ఘ ఉపవాసం, తీవ్ర అనారోగ్యం వేళల్లో తాత్కాలికంగా ఆపడం మంచిదని కేడిగో అంటుంది. ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు పాటించే మన రోగుల విషయంలో ఇది ఏదో ఒక మూల ఉండవలసిన వాక్యం కాదు. రోగి కరపత్రంలో సులువైన తెలుగులో మొదటి పేజీలోనే ఉండాలి.

ఎంఎస్ఎల్ చెవిన పడ్డ ప్రతి దుష్ప్రభావం భద్రతా విభాగానికి చేరాలి. ఊహించని తీవ్ర ప్రతిచర్యలను సమాచారం అందిన 15 రోజుల్లోగా లైసెన్సింగ్ అధికారికి నివేదించాలి. కొత్త మందుగా అనుమతి పొందినవాటికి మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాతి రెండేళ్లు ఏడాదికోసారి భద్రతా నివేదికలు సమర్పించాలి. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024ను రోగి కరపత్రంలో అచ్చు వేయండి.

పదో దశ: కొలతలు, ఖర్చు, తేదీలు

బడ్జెట్‌ను లక్ష్యాల కింద విడగొట్టి రాయండి, పనుల కింద కాదు. అప్పుడు ఏ లక్ష్యానికీ చెందని ఖర్చు దానంతటదే బయటపడుతుంది. కొత్త మందైతే విడుదలకు ఏడాదిన్నర, రెండేళ్ల ముందే మొదటి మూడు దశలు పూర్తికావాలి.

కొలతల్లో డాక్టర్లను ఎన్నిసార్లు కలిశాం, ఎన్ని సమావేశాలు జరిపాం అన్నవి పని జరిగిందని మాత్రమే చెబుతాయి. వాటిని ఒక చిన్న గడిలో ఉంచి, పెద్ద గడిలో ఇవి పెట్టండి: ఆల్బుమిన్ పరీక్షల రేటు ఆడిట్‌లో మారిందా, క్రియాటినిన్ స్వల్పంగా పెరిగినందుకు మందు ఆపేశారన్న నివేదికలు తగ్గాయా, ఎంఎస్ఎల్‌లు తెచ్చిన సమాచారం వల్ల ప్లాన్‌లో ఏ నిర్ణయం మారింది, మొదలుపెట్టిన అధ్యయనాల్లో ఎన్ని ప్రచురణకు వెళ్లాయి. మూడు నెలలకోసారి ఈ గడిని తెరిచి చూడాలి. ఒక లక్ష్యం వరుసగా రెండుసార్లు కదలకపోతే దాన్ని మార్చాలి, లేదా కారణం రాసి మూసేయాలి.

ప్రచురణల ప్రణాళిక అధ్యయనం మొదలైన రోజే సిద్ధంగా ఉండాలి: రచయితలు ఎవరు, నిజంగా పనిచేసినవారేనా, రాయడంలో సాయపడిన మెడికల్ రైటర్ పేరును ఎక్కడ చెబుతాం అన్నవి అందులో ఉంటాయి. ఫలితం మనం ఆశించినట్టు రాకపోతే ఏం చేస్తామన్నది కూడా అక్కడే రాయాలి. ఉద్దానం అధ్యయనంలో ఎండలో పనిచేసే రోగులకు ఈ మందు వల్ల ఒంట్లో నీరు తగ్గి ఇబ్బంది కలుగుతోందని తేలితే, ఆ సంగతి ఎన్ని రోజుల్లో లైసెన్సింగ్ అధికారికి, ఎథిక్స్ కమిటీకి చేరాలి, అధ్యయనంలో పాల్గొన్న డాక్టర్లకు ఎవరు ఫోన్ చేయాలి, కవిటిలో, కంచిలిలో ఆ మందు వేసుకుంటున్న రోగులకు వాళ్ల మాటల్లో ఎవరు చెప్పాలి అన్నవి తేదీలతో, బాధ్యుల పేర్లతో ప్లాన్ చివరి పేజీలో ఉండాలి.